మూడు లైన్ల ఫంక్షన్లు: ఎక్స్‌వీ6లో ఒక హెడర్ ఫైలు పనితనం

ఎక్స్‌వీ6 అని ఒక చిన్న కెర్నల్ ఉంది. ఎమ్ఐటీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం కోసం 2006లో పుట్టింది. ఫ్రాన్స్ కాస్‌హూక్, రాబర్ట్ మోరిస్, రస్ కాక్స్ దాని కర్తలు. 1970ల నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్ నడకను పట్టుకుని, ఈ కాలపు సీలో, ఒకటికి మించి కోర్లున్న యంత్రాలకు పనికొచ్చేలా తిరగరాశారు. మొదట్లో ఇంటెల్ ఎక్స్86 మీద నడిచేది. 2019లో రిస్క్-ఫైవ్‌కు మారింది. బొంబాయి ఐఐటీలో కూడా ఓఎస్ పాఠాలకు దీన్ని వాడారు కాబట్టి మన ఇంజినీర్లలో చాలామందికి ఇది పాత పరిచయమే. షెడ్యూలర్, లాకులు, ఫైల్ సిస్టమ్ అందరూ చదువుతారు. రిస్క్‌వి.హెచ్ అనే హెడర్ ఫైలును మాత్రం ఒకసారి పైపైన తిరగేసి ముందుకెళ్లిపోతారు. ఆ కెర్నల్ మొత్తంలో రాసినవాళ్ల చేయి బాగా తెలిసే చోటు అదేనని నా అభిప్రాయం.

అందులో ఉన్నవి ప్రాసెసర్ రిజిస్టర్లను చదివే, రాసే బుల్లి ఫంక్షన్లు, ముప్పైకి పైగా. ఒక్కోదాంట్లో పనిచేసే లైన్లు మూడుకు మించవు. చాలావాటిలో ఒక్కటే. లూపు లేదు, షరతు లేదు, ఎర్రర్ కోడ్ లేదు. చాలావాటి పేర్లు కూడా ఒకే మూసలో ఉంటాయి: చదివేదైతే ఆర్ అక్షరం, రాసేదైతే డబ్ల్యూ అక్షరం, తర్వాత ఒక అండర్‌స్కోర్, ఆపైన ప్రాసెసర్ మాన్యువల్‌లో ఆ రిజిస్టరుకు ఉన్న పేరు యథాతథంగా. ఎస్‌స్టేటస్ చదవాలంటే ఆర్_ఎస్‌స్టేటస్, శాట్‌పీలో రాయాలంటే డబ్ల్యూ_శాట్‌పీ. తమకంటూ ఒక కొత్త పేరు పెట్టాలన్న సరదాను రచయితలు చంపుకున్నారు. మాన్యువల్ తెరిచి పక్కన పెట్టుకుంటే రెంటికీ మధ్య అనువాదం అక్కర్లేదు.

ఈ రిజిస్టర్లు ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. ప్రాసెసర్‌లో కూడికలూ తీసివేతలూ జరిగే మామూలు రిజిస్టర్లను కంపైలరే చూసుకుంటుంది. ఏ వేరియబుల్ ఎందులో ఉందో మనం అడగం. వాటికి అవతల ఇంకో జట్టు ఉంది. ఇంటరప్టులు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, ట్రాప్ వస్తే ఏ చిరునామాకు దూకాలి, ఏ పేజ్ టేబుల్ వాడాలి, ఇప్పుడొచ్చిన ట్రాప్‌కు కారణమేమిటి లాంటివి వాటిలో ఉంటాయి. రిస్క్-ఫైవ్‌లో వీటిని కంట్రోల్ అండ్ స్టేటస్ రిజిస్టర్లు, పొట్టిగా సీఎస్ఆర్‌లు అంటారు. ప్రాసెసర్ మూడు అంతస్తుల్లో నడుస్తుంది: అన్నిటికంటే పైన మెషిన్, మధ్యలో సూపర్‌వైజర్, కింద యూజర్. కెర్నల్ ఉండేది సూపర్‌వైజర్‌లో. ఒక్కో సీఎస్ఆర్‌ను ఏ అంతస్తు నుంచి ముట్టుకోవచ్చో హార్డ్‌వేరే తేలుస్తుంది. సీ భాషకు వీటిలో ఒక్కటీ తెలియదు. సీ ప్రమాణంలో వేరియబుళ్లున్నాయి, పాయింటర్లున్నాయి, ఫంక్షన్లున్నాయి. ఎస్‌స్టేటస్ లేదు.

ఎక్స్‌వీ6కు తాతలాంటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌కు ఈ చిక్కు ఇంతగా లేదు. అది నడిచిన పీడీపీ-11లో ప్రాసెసర్ స్టేటస్ వర్డ్‌కు మెమరీలో ఒక చిరునామా ఉండేది, ఆక్టల్‌లో 177776. కెన్ థామ్సన్, డెనిస్ రిచీ ఆ అంకెకు పీఎస్ అని పేరు పెట్టి, ఇంటెగ్ అనే ఒకే సభ్యుడున్న పేరులేని స్ట్రక్చర్ ఒకటి రాసుకున్నారు. అప్పటి సీలో ఉత్త అంకె పక్కనే బాణం గుర్తు పెట్టి స్ట్రక్చర్ సభ్యుణ్ని పిలిచినా కంపైలర్ నోరెత్తేది కాదు. అందుకని స్లీప్ ఫంక్షన్ మొదట్లో పీఎస్ బాణం ఇంటెగ్‌ను ఒక వేరియబుల్‌లోకి ఎత్తుకుని, చివర్లో దాన్నే తిరిగి అక్కడ పెట్టేస్తారు. ప్రాసెసర్ గుండెకాయను మామూలు పాయింటర్‌తో అందుకున్నారన్నమాట. యూజర్ ప్రోగ్రాములకు ఆ పేజీనే మ్యాప్ చెయ్యకపోవడం వల్ల వాటికి అందేది కాదు. ఆ రోజుల టైపుల పట్టింపులేనితనాన్ని ఇవాళ ఎవరూ సమర్థించరు గానీ, ఆ రెండు లైన్లు చూస్తే ముచ్చటేస్తుంది.

తర్వాతి ప్రాసెసర్లలో చాలావాటికి ఆ సౌకర్యం లేకుండా పోయింది. కంట్రోల్ రిజిస్టర్లకు మెమరీ చిరునామాలుండవు. ప్రత్యేకమైన ఇన్‌స్ట్రక్షన్లతోనే ముట్టుకోవాలి. ఆ ఇన్‌స్ట్రక్షన్లను సీ కంపైలర్ తనంతట తాను ఎప్పుడూ పుట్టించదు. అందుకే జీసీసీ లాంటి కంపైలర్లు సీ ప్రమాణం బయట ఒక దారి తెరిచాయి, ఇన్‌లైన్ అసెంబ్లీ.

ఆర్_ఎస్‌స్టేటస్‌ను విప్పి చూద్దాం. మొదటి లైనులో ఎక్స్ అనే అరవై నాలుగు బిట్ల వేరియబుల్ ప్రకటన. మూడో లైనులో దాన్ని తిరిగివ్వడం. అసలు సంగతి మధ్య లైనులో ఉంది. ఏఎస్ఎమ్, వొలటైల్ అనే రెండు మాటలు, కుండలీకరణంలో ఒక కొటేషన్: సీఎస్ఆర్ఆర్, తర్వాత శాతం గుర్తు పక్కన సున్నా, తర్వాత ఎస్‌స్టేటస్. కొటేషన్ ముగిశాక ఒక కోలన్, దాని పక్కన సమానం గుర్తుతో ఆర్ అక్షరం, చివర బ్రాకెట్లలో ఎక్స్. అంతే.

కొటేషన్ లోపలున్న దాన్ని కంపైలర్ చదవదు. తపాలా బంట్రోతు కవరు మీది చిరునామా చూస్తాడే గానీ లోపలి ఉత్తరం విప్పడు కదా, అలాగే. కవరు మీద ఉన్నది కోలన్ తర్వాతి భాగం. అక్కడి సమానం గుర్తు 'ఇందులోకి ఏదో రాయబోతున్నాను' అంటుంది. ఆర్ అక్షరం 'ఏదో ఒక మామూలు రిజిస్టరు ఇవ్వు, ఏదైనా ఫర్వాలేదు' అంటుంది. కంపైలర్ తనకు ఖాళీగా ఉన్న రిజిస్టరు ఎంచుకుని, దాని పేరును %0 ఉన్న చోట పెట్టి, ఆ వాక్యాన్ని అసెంబ్లర్‌కు అప్పగిస్తుంది. ఎస్‌స్టేటస్ అనే పేరుకు అర్థం తెలిసేది అసెంబ్లర్‌కు మాత్రమే. ఏ రిజిస్టరు వాడాలో రచయితలు బలవంతపెట్టలేదు. ఏ5 అనే రిజిస్టరులోనే వేసుకో అని రాసి ఉంటే పని జరిగేది గానీ, చుట్టుపక్కల కోడ్‌లో కంపైలర్ చేసుకున్న ఏర్పాట్లన్నీ కదిలేవి. తమకు తప్పనిసరైనది ఒక్కటే చెప్పి మిగతాది కంపైలర్ ఇష్టానికి వదిలేశారు.

వొలటైల్ అన్న మాట లేకపోతే ఏమవుతుందో చూడాలి. ఏ ఇన్‌పుట్లూ లేని వాక్యానికి ప్రతిసారీ ఒకే జవాబు వస్తుందని కంపైలర్ అనుకునే హక్కు ఉంది. ఇంటరప్టులు మూసే ముందు ఒకసారి, మూశాక ఒకసారి, వాటి స్థితి చెప్పే ఎస్‌స్టేటస్ చదివామనుకోండి. రెండో చదువును కంపైలర్ ఎగ్గొట్టి మొదటి జవాబునే వాడేయవచ్చు. అప్పుడు కెర్నల్ తన చేత్తో మూసిన తలుపును తెరిచి ఉందనే అనుకుంటుంది. ఆ ఒక్క మాట దాన్ని ఆపుతుంది.

ఇక్కడ పాఠకులకు ఒక ప్రశ్న రావాలి. ఇన్ని ఫంక్షన్లెందుకు? రిజిస్టరు నంబరును ఆర్గ్యుమెంటుగా తీసుకునే ఒకే ఒక్క 'చదువు' ఫంక్షన్, ఒక 'రాయి' ఫంక్షన్ రాసుకుంటే సరిపోదా? సరిపోదు. కారణం ఇన్‌స్ట్రక్షన్ పొట్టలోనే ఉంది. రిస్క్-ఫైవ్‌లో ఎస్‌స్టేటస్‌ను ఏ5లోకి చదివే ఇన్‌స్ట్రక్షన్‌ను హెక్సాలో రాస్తే 100027ఎఫ్3 అవుతుంది. అందులో ఎడమవైపు మొదటి మూడు అంకెలు, 100, అదే ఎస్‌స్టేటస్ నంబరు. పన్నెండు బిట్ల ఆ నంబరు ఇన్‌స్ట్రక్షన్‌లోనే అచ్చై ఉంటుంది. నడిచేటప్పుడు ఒక వేరియబుల్‌లోంచి తెచ్చి అక్కడ పెట్టే వీలు లేదు. అదే ఏ5లోకి కోర్ నంబరు, అంటే ఎమ్‌హార్ట్‌ఐడీ, చదవాలంటే ఎఫ్14027ఎఫ్3. వెనక భాగం అంతా ఒకటే, ముందు మూడు అంకెలే మారాయి. కాబట్టి ఒక్కో రిజిస్టరుకు ఒక్కో ఇన్‌స్ట్రక్షన్, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కు ఒక్కో ఫంక్షన్. లినక్స్ వాళ్లు ఇదే పనిని మాక్రోతో చేశారు: రిజిస్టరు పేరును కంపైల్ అయ్యేలోపే కొటేషన్‌లో అతికించేస్తారు. పొదుపైన పద్ధతే. కానీ ఎక్స్‌వీ6 ఫంక్షన్లను డీబగ్గర్‌లో పేరుతో పట్టుకోవచ్చు, వాటికి టైపులున్నాయి, ఎడిటర్‌లో వెతికితే దొరుకుతాయి. చదివేవాళ్లు విద్యార్థులైనప్పుడు ఈ ఎంపికే సరైనది.

ఆ పన్నెండు బిట్ల నంబర్లు కూడా ఏదో వరసలో ఇచ్చేసినవి కావు. 2010లో బర్క్‌లీలో రిస్క్-ఫైవ్‌ను మొదలుపెట్టినవాళ్లు దానికో క్రమం పెట్టారు. పైన రెండు బిట్లూ ఒకట్లయితే ఆ రిజిస్టరును చదవడమే గానీ రాయడం కుదరదు. తర్వాతి రెండు బిట్లు ఏ అంతస్తు నుంచి ముట్టుకోవచ్చో చెబుతాయి. అందుకని హెక్సాలో మొదటి అంకె చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది. 1 అంటే సూపర్‌వైజర్‌ది, రాయొచ్చు. 3 అంటే మెషిన్‌ది, రాయొచ్చు. ఎఫ్ అంటే మెషిన్‌ది, చదువుకోవడమే. ఎస్‌స్టేటస్ 100, శాట్‌పీ 180, ఎమ్‌స్టేటస్ 300, ఎమ్‌హార్ట్‌ఐడీ ఎఫ్14. హార్డ్‌వేర్ ప్రతి రిజిస్టరుకూ విడిగా ఒక అనుమతుల పట్టిక పెట్టుకోనక్కర్లేదు, నాలుగు బిట్లు పోల్చి చూస్తే చాలు.

హెడర్ ఫైల్లో ఒకచోట ఈ నంబర్లు బయటికే కనిపిస్తాయి. టైమర్ ఇంటరప్టు ఎప్పుడు రావాలో చెప్పే ఎస్‌టైమ్‌కంప్ రిజిస్టరు ప్రమాణంలోకి తర్వాత చేరింది. పాత అసెంబ్లర్లకు ఆ పేరు తెలియదు. అందుకని ఆ ఫంక్షన్‌లో రెండు లైన్లున్నాయి. ఒకటి పేరుతో రాసినది, దాన్ని కామెంటుగా మార్చేశారు. దాని కిందనే అచ్చంగా అదే లైను, పేరు బదులు 14డి అన్న నంబరుతో. పనిచేసేది రెండోది, చదువుకోడానికి మొదటిది. ఎమ్ఎన్వ్‌సీఎఫ్‌జీ అనే ఇంకో రిజిస్టరుకూ అంతే, 30ఎ. కామెంటులో పెద్ద వివరణేమీ లేదు. పేరున్న లైనును చెరిపెయ్యకుండా ఉంచడమే వివరణ.

ఈ ఫంక్షన్లను పేర్చి ఏం కట్టారో చూడాలంటే స్టార్ట్.సీ తెరవాలి. యంత్రం లేచేటప్పుడు మెషిన్ అంతస్తులో లేస్తుంది. కెర్నల్ నడవాల్సింది సూపర్‌వైజర్‌లో. మెషిన్ నుంచి కిందికి దిగడానికి 'దిగు' అనే ఇన్‌స్ట్రక్షన్ లేదు. ఉన్నదల్లా ఎమ్‌రెట్, అంటే ట్రాప్ పని ముగించుకుని, వచ్చిన చోటికి తిరిగి వెళ్లడం. ఇక్కడ ఏ ట్రాపూ రాలేదు. అయినా వచ్చినట్టు సాక్ష్యం సృష్టిస్తారు. ఎమ్‌స్టేటస్ చదివి, అందులో 'ఇంతకుముందు ఏ అంతస్తులో ఉన్నావు' అని చెప్పే రెండు బిట్లను, పదకొండూ పన్నెండూ, ముందు తుడిచి, తర్వాత సూపర్‌వైజర్ అని రాసి, తిరిగి పెడతారు. 'ఎక్కడి నుంచి వచ్చావు' అని చెప్పే ఎమ్ఈపీసీలో మెయిన్ ఫంక్షన్ చిరునామా రాస్తారు. ఫంక్షన్ పేరును అంకెగా మార్చి రిజిస్టరులో పెట్టే ఆ లైను, సీ ఎక్కడ ముగిసి యంత్రం ఎక్కడ మొదలవుతుందో కచ్చితంగా ఆ అతుకు మీద ఉంటుంది. చివర్లో ఎమ్‌రెట్. ప్రాసెసర్ తను ఎన్నడూ ఉండని చోటికి 'తిరిగి' వెళ్తుంది, సూపర్‌వైజర్ అంతస్తులో మెయిన్ మొదలవుతుంది.

ఈ మధ్యలో రెండు లైన్ల దగ్గర మాత్రం నాకు కొంచెం అసంతృప్తి. ఫిజికల్ మెమరీ ప్రొటెక్షన్ అనే ఏర్పాటులో, మెమరీ అంతా సూపర్‌వైజర్‌కు తెరవడానికి ఒక చిరునామా రిజిస్టరులో యాభై నాలుగు ఒకట్లు, ఒక సెట్టింగు రిజిస్టరులో ఎఫ్ అనే హెక్సా అంకె రాస్తారు. ఆ ఎఫ్‌లో చదవడం, రాయడం, నడపడం అనే మూడు అనుమతులకు మూడు బిట్లు, 'ఈ చిరునామా దాకా' అని చెప్పడానికి ఇంకో బిట్టు ఉన్నాయి. మిగతాచోట్ల చాలా బిట్లకు పేర్లు పెట్టిన మనుషులు ఇక్కడ ఉత్త అంకెతో సరిపెట్టారు. పైన ఒక కామెంటు ఉందనుకోండి. మొదటి రూపాల్లో ఈ రెండు లైన్లే లేవు. ఎక్స్‌వీ6ను నడిపే ఎమ్యులేటర్ క్యూఈఎంయూ మొదట్లో, ఇలా తెరవకపోతే సూపర్‌వైజర్‌కు మెమరీ అందదన్న నియమాన్ని పట్టించుకునేది కాదు. పట్టించుకోవడం మొదలుపెట్టాక ఎమ్‌రెట్ దగ్గరే కెర్నల్ ఆగిపోసాగింది, అప్పుడు చేరాయి.

ఇంటరప్టులు మూసే ఫంక్షన్‌ను దగ్గరగా చూద్దాం. ఇంటర్_ఆఫ్‌లో ఒకే వాక్యం: ఎస్‌స్టేటస్ చదివి, ఎస్ఐఈ అనే బిట్టును తీసేసి, తిరిగి రాయి. సీలో చూస్తే ఇది రెండు ఫంక్షన్ కాల్స్, మధ్యలో ఒక యాండ్. ఎక్స్‌వీ6ను మేక్ చేసినప్పుడు కెర్నల్.ఏఎస్ఎమ్ అనే ఫైలు కూడా పుడుతుంది, అందులో సీ లైన్ల కిందనే వాటి నుంచి వచ్చిన ఇన్‌స్ట్రక్షన్లుంటాయి. అందులో వెతికితే కాల్స్ కనిపించవు. స్టాటిక్ ఇన్‌లైన్ అన్నందువల్ల అవన్నీ కరిగిపోయి మూడు ఇన్‌స్ట్రక్షన్లు మిగులుతాయి: సీఎస్ఆర్ఆర్, యాండ్, సీఎస్ఆర్‌డబ్ల్యూ. చేత్తో అసెంబ్లీ రాసినా ఈ మూడు మెట్లకు ఇవే మూడు రాస్తాం. చదవడానికి హాయిగా ఉండటం కోసం యంత్రం పైసా కూడా అదనంగా చెల్లించలేదు.

అయితే మూడు ఇన్‌స్ట్రక్షన్లంటే మధ్యలో రెండు సందులు. చదివాక, రాయకముందు ఇంటరప్టు వస్తే? రావచ్చు, ఎందుకంటే తలుపు ఇంకా మూయలేదు. టైమర్ ఇంటరప్టే వచ్చి, ఈ ప్రాసెస్‌ను పక్కన పెట్టి, కాసేపయ్యాక వేరే కోర్ మీద నడిపించవచ్చు కూడా. అప్పుడు మనం రాసేది పాత కోర్‌లో చదివిన విలువ. భయపడాల్సిన సంగతిలాగే ఉంది గానీ, ఒక్కో బిట్టూ పట్టుకుని చూస్తే ప్రమాదం లేదు. ఎస్ఐఈ ఎలాగూ తీసేస్తున్నాం. ట్రాప్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మారే మిగతా రెండు బిట్లు, ముందటి అంతస్తు, ముందటి ఇంటరప్టు స్థితి, మళ్లీ ట్రాప్ వచ్చినప్పుడు హార్డ్‌వేరే తిరగరాస్తుంది. యూజర్ ప్రోగ్రాముకు తిరిగి వెళ్లే దారిలో కెర్నల్ వాటిని తనే మళ్లీ సరిచేస్తుంది. అంటే పాత విలువ రాసినా ఎవరూ దాన్ని నమ్ముకుని లేరు.

లినక్స్‌లో ఇదే పనికి ఒకే ఇన్‌స్ట్రక్షన్ వాడతారు. పాత విలువను చేతికిచ్చి, అదే దెబ్బలో అడిగిన బిట్లు తుడిచేసే ఇన్‌స్ట్రక్షన్ రిస్క్-ఫైవ్‌లో ఉంది. పైగా లినక్స్ మాక్రోలోని కవరు మీద ఆర్‌తో పాటు కే అన్న అక్షరం కూడా ఉంటుంది. విలువ అయిదు బిట్లలో ఇమిడితే రిజిస్టరు కూడా అక్కర్లేకుండా ఇన్‌స్ట్రక్షన్‌లోనే పెట్టెయ్యమని దానర్థం. ఎస్ఐఈ విలువ రెండే కాబట్టి చక్కగా ఇమిడిపోతుంది. పనితనం లెక్కన లినక్స్‌దే పైచెయ్యి. కానీ ఆ మాక్రో అర్థం కావాలంటే నాలుగు ఫైళ్లు తెరవాలి. ఎక్స్‌వీ6లో చదువు, తుడువు, రాయి అనే మూడు మెట్లూ కళ్లముందే ఉన్నాయి.

ఇంకో తేడా కూడా ఉంది, అది ఇంత తేలిగ్గా వదిలెయ్యదగ్గది కాదు. లినక్స్ మాక్రోల చివర 'మెమరీ' అన్న మాట ఉంటుంది. ఈ వాక్యానికి అటుపక్కనున్న మెమరీ రాతలను ఇటు, ఇటుపక్కవి అటు జరపొద్దని కంపైలర్‌కు హెచ్చరిక. ఎక్స్‌వీ6లోని ఈ చిన్న ఫంక్షన్లలో ఆ మాట కనిపించదు. వొలటైల్ ఉంది కదా అనుకోవచ్చు. కానీ వొలటైల్ వాక్యాల మధ్య వరసనే అది కాపాడుతుంది, మామూలు వేరియబుళ్ల రాతలను కాదు. మరి ఎక్స్‌వీ6 ఎలా నడుస్తోంది? లాకు తీసుకునే ఫంక్షన్‌లో విడిగా ఒక పూర్తి బ్యారియర్ పెట్టారు. పేజ్ టేబుల్ కట్టే ఫంక్షన్, దాన్ని అమల్లో పెట్టే ఫంక్షన్, రెంటినీ మెయిన్.సీ వేరే ఫైల్లోంచి పిలుస్తుంది కాబట్టి ఒకదాని రాతలను ఇంకోదాని అవతలికి జరిపే అవకాశం కంపైలర్‌కు లేదు. ఇది కోడ్ అమరిక ఇచ్చిన రక్షణ, ఫంక్షన్ ఇచ్చిన హామీ కాదు. నా కెర్నల్‌లోకి ఈ హెడర్ ఎత్తుకెళ్తే ముందు ఆ మాట చేరుస్తాను.

మూయడం, తెరవడం దగ్గరే ఇంకో చక్కటి చిన్న కట్టడం ఉంది, పుష్_ఆఫ్, పాప్_ఆఫ్. ఒక లాకు పట్టుకుని ఉండగా ఇంకో లాకు కావాల్సి రావచ్చు. లోపలి లాకు వదిలినప్పుడు ఇంటరప్టులు తెరిచేస్తే బయటి లాకు పని చెడుతుంది. అందుకని మూసిన ప్రతిసారీ లెక్క ఒకటి పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది, సున్నాకు వచ్చాకే తెరుస్తారు. అది కూడా మొట్టమొదట మూసేటప్పుడు తెరిచి ఉంటేనే. వరస చూడండి: పుష్_ఆఫ్ ముందు పాత స్థితిని చదివి ఒక లోకల్ వేరియబుల్‌లో పెట్టుకుంటుంది, తర్వాత మూస్తుంది, ఆ తర్వాతే ఈ కోర్‌కు చెందిన స్ట్రక్చర్‌ను ముట్టుకుంటుంది. తలుపు మూయకముందు 'ఇది నా కోర్' అని అనుకోవడం తప్పు, అలా అనుకున్న మరుక్షణంలో వేరే కోర్ మీద తేలవచ్చు.

అసలు 'నేను ఏ కోర్ మీదున్నాను' అన్నది కెర్నల్‌కు సూటిగా తెలిసే విషయం కాదు. జవాబున్న ఎమ్‌హార్ట్‌ఐడీ నంబరు ఎఫ్‌తో మొదలవుతుంది. మెషిన్ అంతస్తు దిగాక దాన్ని చదవబోతే ట్రాపే. అందుకే స్టార్ట్ ఫంక్షన్, దిగే ముందు, ఆఖరి అవకాశంగా ఆ నంబరును చదివి టీపీ అనే మామూలు రిజిస్టరులో దాచిపెడుతుంది. త్రెడ్లకు సంబంధించిన డేటా కోసం ఉద్దేశించిన ఆ రిజిస్టరు కెర్నల్‌లోని సీ కోడ్‌కు అవసరం పడదు కాబట్టి కంపైలర్ దాని జోలికి రాదు. యూజర్ ప్రోగ్రాము మాత్రం దాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు కాబట్టి, కెర్నల్‌లోకి వచ్చిన ప్రతిసారీ దాన్ని మళ్లీ నింపుకుంటారు.

డబ్ల్యూ_శాట్‌పీ చూడటానికి ఈ ఫంక్షన్లన్నిటిలోకీ అమాయకమైనది. ఒక అంకె తీసుకుంటుంది, ఏమీ తిరిగివ్వదు. అది చేసే పని మాత్రం కాళ్లకింద నేల మార్చడమే. శాట్‌పీలో పై నాలుగు బిట్లలో 8 అని రాస్తే ఎస్‌వీ39 అనే మూడంచెల పేజ్ టేబుల్ పద్ధతి అమల్లోకి వస్తుంది. కింది నలభై నాలుగు బిట్లలో ఆ టేబుల్ ఉన్న పేజీ నంబరు. ఆ రాత పూర్తైన క్షణం నుంచి ప్రతి చిరునామాకూ అర్థం మారిపోతుంది, తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ చిరునామాతో సహా. అయినా కెర్నల్ తడబడదు, ఎందుకంటే తన కోడ్, డేటా ఉన్న మెమరీని చిరునామాలు ఏమాత్రం మారకుండా మ్యాప్ చేసుకుంది. రాతకు ముందొకసారి, తర్వాతొకసారి ఎస్‌ఫెన్స్ అన్న ఫంక్షన్ పిలుస్తారు. మొదటిది టేబుల్‌లో రాసినవన్నీ మెమరీకి చేరాయని నిర్ధారించుకోవడానికి, రెండోది ప్రాసెసర్ గుర్తుపెట్టుకున్న పాత అనువాదాలను మరిపించడానికి. మొదటిదాన్ని మరిచిపోయినా చాలా యంత్రాల మీద పని నడిచిపోతుంది. అయినా పెట్టారు.

యూజర్‌ట్రాప్ ఫంక్షన్‌లో ఇదే జాగ్రత్త వేరే రూపంలో కనిపిస్తుంది. యూజర్ ప్రోగ్రాము సిస్టమ్ కాల్ చేస్తే ఎస్ఈపీసీలో అది ఆగిన చిరునామా, ఎస్‌కాజ్‌లో 8 అన్న కారణం ఉంటాయి. ఈ రెండూ ప్రాసెసర్‌కు ఒక్కొక్కటే ఉన్నాయి. ఇంకో ఇంటరప్టు వస్తే వాటిమీదే రాసేస్తుంది. అందుకని ముందు ఎస్ఈపీసీని ప్రాసెస్ తాలూకు ట్రాప్‌ఫ్రేమ్‌లోకి ఎత్తి, సిస్టమ్ కాల్ ఇన్‌స్ట్రక్షన్ మీంచి దాటడానికి దానికి నాలుగు కలిపి, ఆ తర్వాతే ఇంటరప్టులు తెరుస్తారు. ఎందుకు ఇప్పుడే తెరుస్తున్నారో పైన చిన్న కామెంటు ఉంది. లైన్లు పైకీ కిందికీ మార్చినా కంపైలర్ ఒప్పుకుంటుంది. పరీక్షలు కూడా చాలాసార్లు పాసవుతాయి. ఎప్పుడో ఒకసారి ఒక ప్రోగ్రాము తన చిరునామా కాకుండా కెర్నల్ చిరునామాకు తిరిగి వెళ్లబోతుంది.

సీ ఆగిపోవాల్సిన చోటు ఎక్కడో కూడా వీళ్లకు తెలుసు. ట్రాప్ వచ్చిన మొదటి క్షణంలో ముప్పై ఒక్క మామూలు రిజిస్టర్లలోనూ యూజర్ ప్రోగ్రాము విలువలున్నాయి. స్టాక్ పాయింటర్ కూడా యూజర్‌దే. సీ ఫంక్షన్ మొదలవ్వాలంటే కనీసం ఒక స్టాక్ కావాలి, అది లేదు. అందుకని అక్కడ శుద్ధ అసెంబ్లీ. ఎస్‌స్క్రాచ్ అనే ఇంకో సీఎస్ఆర్ ఉన్నదే ఇందుకు: ఏ0ను అందులోకి తోసి చేతికి ఒక రిజిస్టరు ఖాళీ చేసుకుని, దానితో మిగతా అన్నిటినీ ట్రాప్‌ఫ్రేమ్‌లో దాచి, కెర్నల్ స్టాక్, కెర్నల్ పేజ్ టేబుల్ ఎక్కించుకున్నాకే యూజర్‌ట్రాప్‌లోకి దూకుతారు. ఆ అసెంబ్లీ పేజీ యూజర్ టేబుల్‌లోనూ కెర్నల్ టేబుల్‌లోనూ ఒకే చిరునామాలో ఉంటుంది, మధ్యలో శాట్‌పీ మారినా తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అక్కడే దొరకాలి కాబట్టి. ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి మారే స్విచ్.ఎస్ కూడా అసెంబ్లీయే, పద్నాలుగు రిజిస్టర్లు దాచి పద్నాలుగు ఎక్కించడం. ఇన్‌లైన్ అసెంబ్లీతో వీటిని కూడా సీ ఫంక్షన్ల లోపల ఇరికించడానికి ప్రయత్నించినవాళ్లున్నారు. ఫలితం సాధారణంగా రెండు భాషలూ తెలిసినవాళ్లకు కూడా అర్థం కాదు.

ఈ హెడర్‌ను కెర్నల్ మాత్రమే వాడుతుందనుకుంటే పొరపాటు. ఎక్స్‌వీ6 యూజర్ పరీక్షల ఫైలు కూడా దీన్ని చేర్చుకుంటుంది. అందులో స్టాక్‌టెస్ట్ అనే పరీక్ష ఆర్_ఎస్‌పీని పిలిచి, తన స్టాక్ పాయింటర్ తెలుసుకుని, స్టాక్ పేజీకి కింద ఉన్న కాపలా పేజీని చదవబోయి, ట్రాప్ వస్తుందో లేదో చూస్తుంది. స్టాక్ పాయింటర్ సీఎస్ఆర్ కాదు, మామూలు రిజిస్టరే కాబట్టి అది చట్టబద్ధం. అదే ప్రోగ్రాములో దాని పక్కన ఆర్_ఎస్‌స్టేటస్ అని రాసినా కంపైలర్ మారుమాట్లాడకుండా 100027ఎఫ్3ను పుట్టిస్తుంది, లింకర్ అతికిస్తుంది, ఫైలు డిస్క్ మీదికి చేరుతుంది. నడిపితే యూజర్ అంతస్తు నుంచి 1తో మొదలయ్యే నంబరును ముట్టుకున్నందుకు ప్రాసెసర్ ఆ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ఆపి, ఎస్‌కాజ్‌లో 2 పెట్టి కెర్నల్‌ను పిలుస్తుంది. కెర్నల్ అనుకోని కారణమని ఆ నంబరును తెరమీద ముద్రించి, ప్రాసెస్‌ను చంపి, షెల్ ప్రాంప్టు తిరిగిస్తుంది.